ఆ బ్లేడు మనింట్లో ఎందుకండీ?

జలుబు మాత్ర కొన్నంత తేలిగ్గా మందుల షాపులో సర్జికల్ బ్లేడు కొనుక్కోవచ్చు. చిన్న ప్యాకెట్లో ఒక్కొక్కటీ విడిగా ఉంటుంది, ఖరీదూ పెద్దగా ఉండదు. అందుకేనేమో, తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో కుట్టుమిషను సొరుగులోనో, పిల్లల ప్రాజెక్టుల డబ్బాలోనో కనిపిస్తూనే ఉంటుంది. జాకెట్టు కుట్లు విప్పడానికీ అదే, థర్మోకోల్ కొయ్యడానికీ అదే, కాళ్ళ ఆనెకాయలు చెక్కుకోవడానికీ అదే.

నాకైతే ఇది బొత్తిగా నచ్చదు.

కత్తిపీట పదును మన చేతికి అలవాటు. ఇది అలా కాదు, మనిషి చర్మం కొయ్యడానికే తయారైన వస్తువు. అందులోనూ నంబర్లున్నాయి. 10 మామూలు కోతలకి, కొనదేలిన 11 చీముగడ్డ చీరడానికి, బుల్లి 15 సున్నితమైన చోట్లకి. డాక్టర్లు దాన్ని పిడికి తగిలించుకుని వాడతారు. తీసేటప్పుడు కూడా చేత్తో లాగకూడదు, పట్టకారులాంటి పరికరంతో తీయాలి. మనమేమో పిడి లేకుండా రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కాలు పైకెత్తుకుని కూర్చుంటాం!

మా అత్తయ్యగారికి షుగర్. ఆనెకాయ చెక్కిపెట్టమంటే ససేమిరా అన్నాను. రెండు రోజులు మూతి ముడుచుకున్నారు, ఫరవాలేదు. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గిపోవచ్చు. తెగినా తెలియదు. రక్తం సరిగా అందకపోతే పుండు మానదు, ముదిరితే వేలు తీసేసే దాకా వెళుతుంది. ఆనెకాయ మెత్తబడటానికి అంటించే పట్టీల్లో కూడా యాసిడ్ ఉంటుంది, అవీ వీళ్ళకి డాక్టర్ని అడగందే వద్దు. అసలు ఆనెకాయ వచ్చేది ఒరిపిడి వల్ల. చెప్పులు మార్చకుండా ఎన్నిసార్లు చెక్కినా మళ్ళీ వస్తుంది. ఆవిడకి మెత్తటి చెప్పులు కొన్నాం. రంగు బాగాలేదట!

ఇంకొకటి, ఒకరు వాడిన బ్లేడునే కడిగి ఇంకొకరు వాడటం. అది ఒక్కసారి వాడి పారేయాల్సింది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. నీళ్ళతో కడిగితే పోయే రకం కాదు.

పారేయడం దగ్గరే నాకు ఎక్కువ కోపం వస్తుంది. ఆస్పత్రుల్లో అయితే 2016 నిబంధనల ప్రకారం ఇలాంటి పదునైనవి గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలోనే వెయ్యాలి. మనమో? అరటి తొక్కలతో కలిపి కవర్లో కట్టేస్తాం. ఆ కవరు విప్పి చేత్తో తడిచెత్త, పొడిచెత్త వేరుచేసేది సాటి ఆడమనిషే కదా. వేలు తెగితే ఆమె ఆస్పత్రి ఖర్చు మనమిస్తామా?

కుట్లు విప్పుకునే చిన్న పరికరం టైలరింగ్ సామాన్ల షాపులో దొరుకుతుంది, అది తెచ్చుకోండి. ఇప్పటికే ఇంట్లో ఉన్న బ్లేడ్లని మూత గట్టిగా బిగిసే పాత డబ్బాలో వేసి, చుట్టూ టేపు అంటించండి. చెత్తబండి దగ్గర ఆమె చేతికి విడిగా ఇస్తూ, లోపల బ్లేడ్లున్నాయని నోటితో చెప్పండి.