ఇంటి మాట – ఇంగ్లీషు బాట

పదేండ్లకు పైగా ఇంగ్లీషు చదివి, వ్యాకరణంలో మంచి మార్కులు తెచ్చుకొని కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థి, ఆ భాషలో నాలుగు వాక్యాలు మాట్లాడవలసి వచ్చేసరికి తల వంచుకొని నిలబడుతున్నాడు. ఇది తెలివి లోపం కాదు. పాఠ్యపుస్తకంలోని విషయం అతనిది కాదు; పరీక్షలో వ్రాసే వ్యాసమూ అతనిది కాదు. తనదైన విషయం లేనివాడు ఏ భాషలోనైనా ఏమి మాట్లాడగలడు?

తనదైన విషయం ప్రతి విద్యార్థికీ ఒకటున్నది. అది ఇల్లు. సంభాషణ పాఠాలను ఇంటి నుండి, చుట్టరికాల నుండి ప్రారంభించటం ఉచితమని మేము భావిస్తున్నాము.

ఎన్.ఎస్. ప్రభు గారు బెంగుళూరు కేంద్రంగా 1979 నుండి 1984 వరకు దక్షిణ భారత పాఠశాలల్లో జరిపిన ప్రయోగం ఇక్కడ స్మరింపదగినది. వ్యాకరణ సూత్రాలను వల్లె వేయించటం మాని, పిల్లలకు ఒక చిక్కు ప్రశ్న ఇచ్చి, దానిని విప్పే ప్రయత్నంలోనే భాష అలవడేటట్లు చేయటం దానికి మూలసూత్రం. రైళ్ల వేళల పట్టికలు, పటాలు అందులో సాధనాలు. మన తరగతిలో ఆ పట్టికకు బదులు వంశవృక్షం ఉండవచ్చు. ఒక కుటుంబపు వివరాలు సగం ఒకరి చేతిలో, మిగిలిన సగం మరొకరి చేతిలో ఉంచితే, ఒకరినొకరు ప్రశ్నించుకోక ఆ వృక్షం పూర్తికాదు. ప్రశ్న అడగవలసిన అవసరం కలిగినచోట నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

ఈ విషయంలో మన భాషలు సంపన్నమైనవి. 1871లో అమెరికా పండితుడు లూయీ హెన్రీ మోర్గన్ ప్రపంచ జాతుల చుట్టరికపు పేర్లను పట్టికలుగా ప్రకటించినపుడు తెలుగు కూడా వాటిలో చోటు చేసుకున్నది. మనకు పెదనాన్న వేరు, చిన్నాన్న వేరు, మేనమామ వేరు. ఉర్దూలో తాయా, చాచా, మామూ, ఫూఫా, ఖాలూ ఎవరికి వారే. ఇంగ్లీషువాడికి వీరందరూ ‘అంకుల్’ మాత్రమే. ఈ పేదరికమే ఉపాధ్యాయునికి పెన్నిధి. ఒక్క మాటతో పని జరగదు కనుక, మేనమామను గురించి చెప్పదలచిన విద్యార్థి ‘మై మదర్స్ యంగర్ బ్రదర్’ అని కూర్చుకొనక తప్పదు. షష్ఠీ విభక్తి సూత్రం చెప్పకుండానే షష్ఠీ విభక్తి వచ్చి కూర్చుంటుంది.

అట్లే, ఏకైక సంతానమైనా మనవాడు ‘మా నాన్న’ అంటాడే గాని ‘నా నాన్న’ అనడు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులో ‘అవర్ ఫాదర్’ అంటాడు. దీనిని ఎగతాళి చేయటం అన్యాయం. మన భాషలో ‘మా’ వేరు, ‘మన’ వేరు. ఇంగ్లీషులో రెండింటికీ ‘అవర్’ ఒక్కటే. ఈ భేదం చూపించి దిద్దితే విద్యార్థి సిగ్గుపడడు. తన భాషను కూడా కొత్తగా తెలుసుకుంటాడు.

అయితే ఒక హెచ్చరిక. పాఠ్యపుస్తకాలలోని కుటుంబం తరచుగా కార్యాలయానికి వెళ్లే తండ్రి, వంట చేసే తల్లి, ఇద్దరు పిల్లలు. కళ్యాణదుర్గం పరిసరాల కుటుంబాలు అందులో ఇమడవు. వాన తక్కువగా పడే జిల్లా మనది. ఆ వానైనా అదనుకు పడక వేరుశనగ ఎండినపుడు తండ్రి బెంగుళూరులో కట్టడపు పనికి పోతాడు. కొన్ని ఇండ్లలో తల్లి కూడా వెంట పోతుంది. పిల్లలు అవ్వ దగ్గరనో, నానీమా దగ్గరనో పెరుగుతారు. తండ్రిని పోగొట్టుకున్నవారూ మన బెంచీల మీద ఉన్నారు. అట్టివారిని నలుగురిలో నిలబెట్టి ‘వాట్ ఈజ్ యువర్ ఫాదర్?’ అని అడిగితే, ఆ మౌనం భాష రానందువల్ల కలిగిన మౌనం కాదు. ఇంటి ముచ్చట నోరు తెరిపించాలి గాని గాయం తెరువరాదు.

ఇంటి సంగతులు, ముఖ్యంగా ఆడపిల్లల ఇంటి సంగతులు, తరగతిలో ఎందుకని కొందరు పెద్దలు శంకింపవచ్చు. ఆ శంక న్యాయమైనదే. కనుక విద్యార్థి తన ఇంటిని గురించి గాని, కల్పించుకున్న ఇంటిని గురించి గాని చెప్పే స్వేచ్ఛ ఉండాలి. ఏది నిజమని ఎవరూ ప్రశ్నించరాదు. ఆస్తి, ఆదాయం, ఉద్యోగం అడుగరాదు. అవ్వ వంటకం, తాత చెప్పిన సామెత, పండుగనాటి పనుల పంపకం, పెండ్లి పిలుపు, జబ్బుపడిన చెల్లెలిని వైద్యుని వద్దకు తీసుకొనిపోవటం – ఇవి చాలు. వీటిలో భూత భవిష్యత్ వర్తమానాలన్నీ ఉన్నవి.

కళాశాల కమిటీవారికి మా మనవి మూడే మాటలు. వారానికి రెండు పీరియడ్లు కేవలం మాట్లాడటానికి కేటాయించండి. తరగతిని ఇరువదిమందికి మించని జట్లుగా విభజించండి. అంతర్గత పరీక్షలలో మౌఖికానికి కొన్ని మార్కులు ఉంచండి. మార్కులు లేని విద్యను మన విద్యార్థి గౌరవించడు.

విద్యార్థులారా! మీ ఇండ్లలో రెండు భాషలు, కొందరి ఇండ్లలో కన్నడంతో కలిపి మూడు భాషలు, ఏ బడీ నేర్పకుండానే మీ నోళ్లకు వచ్చినవి. ఇంటిని గుమ్మం బయటనే విడిచి ఇంగ్లీషు తరగతికి రాకండి. దానిని వెంటబెట్టుకొని రండి.