స్పీడ్ టెస్ట్ ఓకే.. సైట్ మాత్రం తెరుచుకోదు! తప్పు డీఎన్‌ఎస్‌దేనా?

పరీక్ష ఫలితాల రోజు. స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది, సైట్ మాత్రం తిరుగుతూనే ఉంది. ‘డీఎన్‌ఎస్ మార్చేయండి’ అని వాట్సాప్‌లో ఎవరో సలహా ఇస్తారు. మార్చే ముందు ఓసారి కొలవండి.

సైట్ పేరు చెబితే దాని ఐపీ అడ్రస్ వెతికిపెట్టేదే డీఎన్‌ఎస్ సర్వర్. డౌన్‌లోడ్ వేగం చూపే స్పీడ్ టెస్ట్ దీన్ని పట్టించుకోదు.

ఎలా కొలవాలి?

లినక్స్, మ్యాక్‌లలో ‘డిగ్’ కమాండ్ ఇస్తే ‘క్వెరీ టైమ్’ మిల్లీసెకన్లలో వస్తుంది. విండోస్‌లో జీఆర్‌సీ సంస్థ ‘డీఎన్‌ఎస్ బెంచ్‌మార్క్’ పలు సర్వర్లను పోల్చి చూపుతుంది.

ఒక్కసారి చూసి తేల్చేయొద్దు. అదే పేరు మళ్లీ అడిగితే సర్వర్ క్యాష్‌లోంచి చెప్పేస్తుంది కాబట్టి అంకె తగ్గుతుంది. వేర్వేరు పేర్లతో, ఉదయం, రాత్రి చూడండి. జవాబు రాని క్వెరీలనూ లెక్కపెట్టండి.

మార్చాలా?

మీ ఆపరేటర్ సర్వర్ 15, గూగుల్ 8.8.8.8 సర్వర్ 20 మిల్లీసెకన్లు తీసుకుంటే మీకు తేడా తెలియదు. వందల్లో ఉన్నా, తరచూ విఫలమైనా మార్చొచ్చు. ఆండ్రాయిడ్ 9 నుంచి ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ సెట్టింగ్ ఉంది. అయితే మీరు ఏ సైట్లు వెతుకుతున్నారో కొత్త సర్వర్‌కు తెలుస్తుందని మరవొద్దు.

క్వెరీ టైమ్ బాగుండి, మిగతా సైట్లు తెరుచుకుంటూ ఆ ఒక్కటే రాకపోతే? చాలావరకు రద్దీ అటువైపే. డీఎన్‌ఎస్ మార్చినా లాభం లేదు, కాసేపాగి ప్రయత్నించండి.