కాపలా మనది, కాయితం ఎవరిది?

పల్నాట్లో కాపలా అంటే ఎవరి పనో ఎవరికీ చెప్పనక్కర్లేదు. చేను కాసేది మనం. కళ్లం కాసేది మనం. కామందు గొడ్లు కాసేది మనం. ఇప్పుడు నల్లమలలో పులిని కాసేదీ మనమే. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు అడవి అంచున ఉన్న చెంచుగూడేల్లో, మాల మాదిగ పల్లెల్లో, సుగాలి తండాల్లో అడిగి చూడండి. చేను కాపలాకి పోయినవాళ్లు, అడవి వాచరుగా పోయినవాళ్లు తగలకుండా ఉండరు.

కాపలా మనదే, ఒప్పుకున్నాం. మరి కాయితం ఎవరి పేరన ఉంది? తుపాకీ లైసెన్సు మీద ఎవరి పేరుంది? మస్టరు పుస్తకంలో ఎవరి పేరుంది? అడవి హక్కు పట్టాలో ఎవరి పేరుంది? ఈ పక్షం మేము మాట్లాడదలుచుకున్నది ఈ ఒక్క సంగతే.

మంచె మీద ఎవరు?

ముందు చేను కాపలా సంగతి చూద్దాం. కొండ కింద మెట్ట చేలల్లో మొక్కజొన్న కంకి పాలు పోసుకుంటుంటే, వేరుశనగ కాయ ఊరుతుంటే అడవిపందులు దిగుతాయి. కంది ఏపుగా ఉంటే దుప్పులొచ్చి మేస్తాయి. చేను కామందుది. రాత్రి మంచె ఎక్కేది పాలేరు, లేకపోతే రోజుకూలీ. కింద పాము, పైన మంచు. చేతిలో రేకుడబ్బా, టార్చిలైటు, ఒడిసెల. కొన్నిచోట్ల కామందు తన తుపాకీ కూడా చేతిలో పెడతాడు. "ఏం కాదులేరా, గాల్లోకి ఒక్కటి పేల్చు, పోతాయి" అంటాడు.

ఏం కాదా? 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షను చూడండి. లైసెన్సు లేనివాడు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. లైసెన్సుదారు పక్కనే ఉండి అతని వాడకానికి మోస్తే ఒక సంగతి. రిపేరుకో, రెన్యూవలుకో తీసుకుపొమ్మని రాసిస్తే ఒక సంగతి. అర్ధరాత్రి కామందు ఇంట్లో పడుకుని, పాలేరు ఒంటరిగా మంచె మీద తుపాకీతో ఉంటే అది నేరం. 2019లో చట్టం సవరించాక ఆ నేరానికి తక్కువలో తక్కువ రెండేళ్లు, ఎక్కువంటే ఐదేళ్లు జైలు. గుండు తగిలి పంది చచ్చిందా, 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంకో కేసు. మనిషికే తగిలిందా, ఇంక చెప్పేదేముంది? తుపాకీ ఇచ్చినవాడిదీ తప్పేనని చట్టం అంటుంది. కానీ ముందు పట్టుబడేది చేతిలో ఉన్నవాడు. వకీలుని పెట్టుకునే స్తోమత లేనివాడు కూడా వాడే.

పంట కాపాడుకోవడానికి గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని అదే చట్టం చెబుతుంది. పొలం ఉన్నవాడికి ఆ దారి ఉంది. కాపలా ఉన్నవాడికి లేదు. పొలానికి పేరుంది, కాపలాకి పేరు లేదు.

మసి తుడిచే చెయ్యి

తుపాకీ పేల్చడం ఒక పని, దాన్ని బాగోగా ఉంచడం ఇంకో పని. ఆ రెండో పని ఎప్పుడూ మన చేతి కిందే నడిచింది. నల్లమందు పేలిస్తే గొట్టంలో మసి కడుతుంది. ఆ మసి గాలిలో తేమ పీలుస్తుంది. వానాకాలంలో ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది. అందుకని పేల్చిన రోజే వేడినీళ్లతో కడగాలి, కడ్డీకి గుడ్డ చుట్టి పొడిగా తుడవాలి, ఆ తర్వాత నూనె పలచగా పట్టించాలి. నూనె ఎక్కువైనా చేటే. మళ్లీ పేల్చే ముందు ఆ నూనె తుడిచెయ్యాలి. తోలుసంచిలో పెట్టి దాస్తే తోలు తేమ పట్టి ఇనుము తింటుంది. రైఫిలైతే వెనక నుంచి కడ్డీ దూర్చాలి, ముందు నుంచి దూరిస్తే మూతి అరిగి గురి తప్పుతుంది. గొట్టం మూతిలో బురద ఇరుక్కుంటే, చూసుకోకుండా పేలిస్తే గొట్టం పగులుతుంది. గుర్రం పడ్డా పేలకపోతే వెంటనే లోపలికి తొంగి చూడకూడదు, మూతి అటే పెట్టి నిమిషం ఆగాలి. మందు కూరిన తుపాకీతో మంచె ఎక్కకూడదు, దిగకూడదు.

ఇదంతా చదువుకున్నవాళ్లు పుస్తకంలో నేర్చుకునే విద్య. మన తాతలకి ఇది పనిలో వచ్చిన విద్య. షికారుకి వచ్చిన దొర గుర్రం దిగుతాడు, ఒక్కసారి పేలుస్తాడు, ఫొటో దిగుతాడు. జాడ తీసింది చెంచు. డప్పు కొట్టి జంతువుని తోలింది మాదిగ. చచ్చిన జంతువుని మోసింది మనవాళ్లు. తుపాకీ కడిగింది మనవాళ్లు. గోడ మీద తలకాయ కింద పేరు మాత్రం దొరది.

ఆయుధం సంగతి తెలిసినవాడికి ఆయుధం మీద హక్కు లేకుండా చెయ్యడం ఈ దేశంలో పాత పద్ధతే. కింది కులాలవాళ్లు ఇన్ని శతాబ్దాలు ఎందుకు తిరగబడలేదని 1936లో 'కులనిర్మూలన'లో ప్రశ్న వేసుకుని, చాతుర్వర్ణ్యం వాళ్ల చేతికి ఆయుధం అందనివ్వలేదని బాబాసాహెబ్ అంబేద్కర్ జవాబు చెప్పాడు. ఏకలవ్యుడి బొటనవేలు కథ మన పిల్లలకి తెలిసిందే. మన పల్నాటి కథలోనూ ఉంది. బ్రహ్మనాయుడి సేనాని మాల కన్నమదాసు. ఏటా కార్తీకంలో కారెంపూడి వీర్ల గుడి దగ్గర ఐదు రోజులు తిరునాళ్ల జరుగుతుంది. వీరుల ఆయుధాలు ఊరూరి నుంచి వస్తాయి, కడిగి, బొట్టు పెట్టి మొక్కుతారు. కథలో కత్తి పట్టినవాడిని మొక్కుతాం. బతికున్నవాడు కర్ర పట్టుకుని నడిస్తే కొన్ని ఊళ్లలో ఇంకా కళ్లు ఎర్రజేస్తారు.

దొర అడవికి పేదవాడు కాపలా

ఇంగ్లండులో 'గేమ్‌కీపర్' అని ఒక కొలువుంది. దొర వేటాడే పక్షుల్ని, జంతువుల్ని పెంచి కాసేవాడు. వసంతంలో ఫెజెంట్ పిల్లల్ని పెంచుతాడు. అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా వాటి వేట కాలం, అప్పుడు కూలీలతో తుప్పలు కొట్టించి పక్షుల్ని దొరల తుపాకుల మీదికి తోలిస్తాడు. వేట అయిపోయాక మళ్లీ మొదలు. 1671లో అక్కడ ఒక చట్టం చేశారు. ఏడాదికి 100 పౌన్ల రాబడి వచ్చే సొంత భూమి ఉన్నవాడో, వాడికి సాటివాడో తప్ప ఇంకెవరూ వేటాడకూడదు. పేదవాడి ఇల్లు సోదా చేసి తుపాకీ, వల, కుక్క గుంజుకునే అధికారం మాత్రం ఈ కాపలాదారుకిచ్చారు. ఆ ఆస్తి నిబంధన పోయేసరికి 1831 అయింది. ఆకలికి కుందేలు పట్టినవాడూ పేదవాడే, వాణ్ణి పట్టుకున్నవాడూ పేదవాడే. దొర చేతికి మట్టి అంటలేదు.

ఆ దొరలే మన దగ్గరికొచ్చారు. 1878లో ఆయుధాల చట్టం, 1882లో మద్రాసు అడవుల చట్టం తెచ్చారు. తుపాకీకి లైసెన్సు, గొడ్డు మేతకి పుల్లరి. పల్నాట్లో ఆ పుల్లరి కట్టమని కన్నెగంటి హనుమంతు నాయకత్వాన జనం ఎదురుతిరిగారు. 1922 ఫిబ్రవరి 22న మించాలపాడులో పోలీసు తుపాకులు పేలాయి, హనుమంతు నేలకొరిగాడు. ఈ గడ్డ మీద అడవి తగవు ఎంత పాతదో తెలియాలంటే ఆ ఒక్క తేదీ చాలు.

వాచరుకి ఏడాది పొడుగునా పనే

ఇవాళ వేట లేదు. 1972 చట్టం వేటని నిషేధించింది. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1983లో పులుల ప్రాజెక్టులో చేరింది. దొర పోయాడు, డిపార్టుమెంటు వచ్చింది. కాపలా మాత్రం మనకే మిగిలింది.

ఆ పని ఎట్లాంటిదో సంఘం పిల్లలు తెలుసుకోవాలి. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా నిప్పు కాలం. ఆకు రాలి అడవి అంతా ఎండుగా ఉంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు. మంట పాకకుండా బాటల వెంట గడ్డీ గాదం ఊడ్చి ఫైర్‌లైన్లు తియ్యాలి. పొగ కనపడితే అర్ధరాత్రైనా పరిగెత్తి పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పాలి. అదే ఎండలో జంతువులకి తొట్లలో నీళ్లు నింపాలి. తొలకరి పడిందంటే వాగులు పొంగి బేస్‌క్యాంపు ఒంటరి దీవి అయిపోతుంది. బియ్యం అయిపోతే తెచ్చుకునే దారుండదు. దోమలు, పాములు, జ్వరాలు. జనం తిరగని ఆ కాలంలోనే దొంగవేటగాళ్లు తిరుగుతారు. వానలు తగ్గాక పొదలు నరకాలి, ఉచ్చులు వెతికి తీసెయ్యాలి, కెమెరాలు కట్టాలి, అడుగుజాడ కొలవాలి, ఫోనులో ఎక్కించాలి. అడుగుజాడ చూసి అది ఆడదా మగదా, రాత్రిదా తెల్లవారుజాముదా చెప్పగలిగే చెంచు పెద్దకి ఏ సర్టిఫికెట్టూ ఉండదు.

2018 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులు. 2022 లెక్కకి 63. వీటిల్లో ఎక్కువ భాగం నల్లమలవే. సంతోషం. పులికి లెక్క ఉంది, నంబరుంది, ఫొటో ఉంది. దాన్ని కాసినవాడి హాజరుకి లెక్క ఏది? వాచరు అంటే చాలా చోట్ల రోజుకూలీయో, అవుట్‌సోర్సింగో. డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియదు. ఏళ్ల తరబడి చేసినా పర్మినెంటు మాట ఉండదు. చచ్చిపోతే పనిలో ఉన్నట్టు రుజువు చూపించమని వాడి పెళ్లాన్ని అడుగుతారు.

ఇంకో మాట. పొయ్యిలో కట్టెల కోసం పోయిన మన అక్కని, తునికాకు కోసిన మన చెల్లెని పట్టుకోమని పంపేది కూడా ఈ వాచర్నే. లారీల్లో దుంగలు తరలించే పెద్దల జోలికి పొమ్మని అంత గట్టిగా పంపరు. ఊళ్లోకొస్తే "నువ్వు మనోడివేనా" అని తిట్టేది వాడి మేనత్తే. ఇంగ్లండు దొర నడిపిన ఆటే ఇది. ఈ ఆటలో మనవాళ్లం ఒకరినొకరు తిట్టుకోవడం ఆపి, ఆడించేవాణ్ణి అడగాలి.

తుపాకీ కావాలా?

అడవి సిబ్బందికి ఆయుధాలు, రక్షణ కవచాలు ఉండాలని 2021 జనవరిలో సుప్రీంకోర్టు అన్నది. మంచి మాటే. కానీ ఆ మాట రేంజరు దాకా వస్తుంది, గార్డు దాకా వస్తుందేమో, రోజుకూలీ వాచరు దాకా రాదు. కొంతమంది కుర్రాళ్లు "మాకూ తుపాకీ ఇస్తే చాలన్నా" అంటున్నారు. మేము అంటున్నది ఇది: ఉద్యోగం లేకుండా, శిక్షణ లేకుండా, రాతలో ఆర్డరు లేకుండా చేతికొచ్చే తుపాకీ ఉచ్చు లాంటిది. కామందు మంచె మీద ఇచ్చినా అంతే, ఆఫీసరు అడవిలో ఇచ్చినా అంతే. ముందు పేరు రాయించుకోవాలి. ఆ తర్వాత బూట్లు, టార్చి, వానకోటు, పాముకాటుకి వెంటనే ఆస్పత్రికి చేర్చే ఏర్పాటు. తుపాకీ ఆ తర్వాతి మాట.

పేరు రాయించుకోవడానికి దారులున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టంలో మూడో సెక్షను అడవిని కాపాడుకోవడం, పెంచుకోవడం గ్రామం హక్కని చెప్పింది. అంటే అడవి కాపలా అనేది ఎవరి దయా కాదు, హక్కు. చెంచులు, సుగాలీలు గిరిజనులు కాబట్టి 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ అడవి మీద బతుకుతున్నట్టు చూపిస్తే చాలు. మాల మాదిగలు, తక్కిన కులాల పేదలైతే అదే తేదీకి ముందు 75 ఏళ్లుగా ఉన్నట్టు చూపించాలి. కష్టమే. అయినా పాత పుల్లరి రసీదులు, ముసలోళ్ల వాంగ్మూలాలు, పాత సమాధులు, గుళ్లు ఇవన్నీ వెతికి పెట్టుకోవాలి. ఉమ్మడి హక్కుకి ఫారం బి, ఉమ్మడి అడవి వనరుకి ఫారం సి. గ్రామసభలో తీర్మానం చేసి ఇవ్వాలి.

సంఘం పనివాళ్లు వచ్చే గ్రామసభల్లో ఇవి అడగాలి:

ఒకటి, ప్రతి వాచరు పేరు మస్టర్లో ఎక్కాలి, ఎన్నాళ్ల నుంచి చేస్తున్నాడో రాసిన కాయితం వాడి చేతికివ్వాలి.

రెండు, నెల తిరిగేసరికి జీతం బ్యాంకులో పడాలి, పీఎఫ్ కట్టాలి, బీమా చెయ్యాలి.

మూడు, కట్టెలకి, తేనెకి, ఆకుకి పోయే ఆడవాళ్ల మీద కేసులు పెట్టించే పని వాచరుతో చేయించకూడదు.

నాలుగు, చేను కాపలా కూలికి రాత్రి రేటు వేరుగా కట్టాలి, తుపాకీ పాలేరు చేతికి ఇవ్వకూడదు. ఇస్తే కామందు కూడా మంచె ఎక్కాలి. కరెంటు తీగ కంచెకి మనవాడి చేత్తో కట్టించకూడదు. దానికి తగిలి చచ్చేది పంది ఒక్కటే కాదు.

మంచె మీద ఉన్న అన్నా, నీకొక మాట. రేపు సాయంత్రం కామందు తుపాకీ చేతికిస్తే తీసుకోవద్దు. "లైసెన్సు నీ పేరన ఉందిగా అయ్యా, నువ్వే రా" అను. బేస్‌క్యాంపులో ఉన్న తమ్ముడూ, నీ హాజరు నువ్వే ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకో, తోటివాడి సంతకం పెట్టించుకో. మన పేరు ముందు మన పుస్తకంలో ఎక్కితే, ఆ తర్వాత వాళ్ల పుస్తకంలో ఎక్కించడానికి కొట్లాడొచ్చు.