ముఖభావములు చెప్పు సులోచనములు



గతమాసమున ఒక సోదరి నాకు లేఖ వ్రాసిరి. ఆమె కుమారునకు ఇరువదియాఱేండ్లు, ఆటిజము కలవాఁడు. ముద్రణాలయమున అచ్చుతప్పులు దిద్దు పని నిర్దుష్టముగాఁ జేయును. కాని తోడివారు తన్నుఁ జూచి నవ్వినప్పుడు అది చెలిమియో యెగతాళియో తెలియక, మధ్యాహ్నము ఒంటరిగాఁ గూర్చుండి భుజించునఁట. ఎదుటివారి ముఖభావమును కనిపెట్టి చెప్పు సులోచనములు విదేశములయందుఁ గలవని బంధువొకరు చెప్పిరఁట. గాజులమ్మియైనను తెప్పించెదనని ఆ తల్లి వ్రాసిరి.

అమ్మా, గాజులు తీయకుఁడు.

ఆ మాట కల్ల కాదు. కన్నుల యెదుటి దృశ్యముపై కంప్యూటరు తన వ్రాఁతనో బొమ్మనో చేర్చి చూపుటను ఆగ్మెంటెడ్ రియాలిటీ యందురు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు గూగుల్ గ్లాసును ఫోనుతో జోడించి, కెమెరాకుఁ గనఁబడిన ముఖమునందలి సంతోషము, కోపము మున్నగువానిని ధరించినవారికి సూచించునట్లు చేసిరి. 2019లో ప్రకటించిన వారి పరీక్షలో 71 మంది పాల్గొనిరి. అందు 40 మంది ఆఱువారములు, వారమునకు నాలుగుమాఱులు, ఇరువదేసి నిమిషములు ఇంటనే వానిని వాడిరి. నలుగురితో మెలఁగుటను గూర్చిన యొక కొలతయందు వారికి మేలు కనఁబడినది. అయితే వారందఱు 6 మొదలు 12 ఏండ్ల పిల్లలు. ఆ ఫలితమును ఎదిగినవానికి అట్లే అన్వయింపరాదు. గూగుల్‌వారు ఆ గ్లాసు నమ్ముటయే 2023లో మానివేసిరి.

మఱియొక చిక్కు. యంత్రము చూచునది పెదవులను, కనుబొమలను. చెలికాఁడు నవ్వినను, ఎగతాళి చేయువాఁడు నవ్వినను, అది సంతోషమనియే చెప్పవచ్చును. అత్తవారింట మనము నవ్విన నవ్వులన్నియు సంతోషమునకేనా?

ఇంగ్లండునందలి డేమియన్ మిల్టన్ గారు స్వయముగా ఆటిజము కలవారు. ఈ అపార్థము ఒకవంకది కాదు, ఇరువంకలది యని వారు 2012లో వ్రాసిరి. 2020లో ప్రకటింపఁబడిన యొక పరిశోధనలో ఒక కథను మనిషినుండి మనిషికిఁ జెప్పించిరి. ఆటిజము కలవారు తమలోఁ దాము, లేనివారు తమలోఁ దాము, ఇంచుమించు సమానముగనే చేరవేసిరి. ఇరుతెగలవారిని కలిపిన వరుసలోనే కథ ఎక్కువగా జాఱిపోయినది. మనము వారి ముఖములు చదువ నేర్చితిమా? మనకు సులోచనము లెవ్వరును చేయలేదే!

ఆ ముద్రణాలయమున, “పరిహాసమునకంటిని లేవోయి, రా, మా ప్రక్కనఁ గూర్చుండుము” అని నోరు తెఱచి చెప్పువారొక్కరైనను ఉండరా? ముందు అట్టివానిని వెదకుఁడు. ఇంతకును, ఆ చిరంజీవి సులోచనములు కోరెనో లేదో లేఖయందు లేదు. అడిగి వ్రాయుఁడు.