కట్టు విప్పాక కుట్టు ఎప్పుడు?

"డాక్టరుగారూ, కట్టు విప్పేశారు గదా, ఇక అల్లిక పట్టుకోవచ్చునా?"

మణికట్టు విరిగి నయమైన స్త్రీలు చాలామంది వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి ఈ ప్రశ్న అడుగుతారు. ముందే అడగరు. ఎముక విరిగితే అల్లిక గొడవేమిటని డాక్టరు నవ్వుతాడేమోనని సంకోచం. ఇది నవ్వవలసిన ప్రశ్న కాదు. కట్టు విప్పాక ఆ చేయి మళ్ళీ మామూలుగా పనికి వస్తుందా, రాదా అన్నది చాలావరకు ఈ ప్రశ్నకు దొరికే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

తడి బాత్రూములోనో, నాచు పట్టిన పెరట్లోనో కాలు జారినప్పుడు మనకు తెలియకుండానే అరచేయి ముందుకు చాస్తాం. శరీరం బరువంతా దాని మీద పడి, మణికట్టుకు అంగుళం పైన ఎముక విరుగుతుంది. యాభై దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ. డబ్లిన్ నగరపు సర్జన్ అబ్రహాం కాలిస్ 1814లో దీనిని వివరించాడు. ఎక్సురే కనిపెట్టినది 1895లో. అంటే ఎముకను కంటితో చూసే సాధనమేదీ లేని రోజుల్లోనే, చేత్తో తడిమి పోల్చుకున్నాడన్నమాట. నేటికీ దీనిని కాలిస్ ఫ్రాక్చర్ అనే అంటున్నాం.

ఎముక వేరు, చేయి వేరు

పిండికట్టు సాధారణంగా ఆరు వారాలు ఉంచుతారు. ఆ వ్యవధిలో ఎముక అతుక్కుంటుంది. కానీ అన్నాళ్ళు కదలక కీలు బిగుసుకుపోతుంది, కండరాలు సన్నబడతాయి, పిడికిలి పట్టు తగ్గుతుంది. కట్టు విప్పగానే పొలుసులు లేచి, పీలగా ఉన్న చేతిని చూసి బెంగపడేవారున్నారు. ఇది సహజమే. పూర్తి బలం రావడానికి ఆరు నెలలు, ఒక్కొక్కరికి ఏడాది కూడా పడుతుంది.

ఈ సమయంలో కొందరు భయంతో చేతిని మెడకు గుడ్డతో తగిలించుకుని నెలల తరబడి కదల్చరు. కీళ్ళు మరింత బిగిసి, చివరకు జడ వేసుకోవడానికి కూడా చేయి పైకి లేవదు. మరికొందరు కట్టు విప్పిన నాడే అన్ని పనులూ నెత్తిన వేసుకుంటారు. ఇంకో రకం పొరపాటు ఉంది. అది ఇంటిల్లిపాదీ కలిసి చేసేది.

యాభై ఐదేళ్ళ ఒకావిడ కట్టు విప్పిన నెలకు చేయి వాచి వచ్చారు. లేసు అల్లడంలో మంచి నేర్పరి. కూడా వచ్చిన కొడుకు, "ఎంత చెప్పినా ఆ దారం వదలదండీ. అందుకే సూదులన్నీ అటక మీద పెట్టేశాం" అన్నాడు.

"ఇంట్లో బట్టలు పిండేదెవరమ్మా?" అని అడిగాను.

"నేనేనండీ."

"నీళ్ళ బకెట్టు మోసేది?"

"అదీ నేనేనండీ."

తడిసిన దుప్పటిని మెలితిప్పి పిండేటప్పుడు మణికట్టు మీద పడే బలంలో క్రోషియా దారం లాగడానికి కావలసినది ఏపాటి? సూదులు అటక మీద నుంచి దించమని, బకెట్టు తననే ఎత్తమని ఆ అబ్బాయికి చెప్పాను. కాలక్షేపం పని గనుక మాన్పించవచ్చు, ఇంటి పని గనుక తప్పదు అనే లెక్క మన ఇళ్ళలో ఉంది. విరిగిన చేతికి ఈ లెక్క సరిగ్గా తలకిందులు.

అల్లిక కూడా మందే

మొదటి ప్రపంచ యుద్ధం (1914-18) నాటికే గాయపడిన సైనికులచేత ఆస్పత్రులలో బుట్టలు అల్లించి, నేతపని చేయించేవారు. వ్యాయామం చేయమంటే రెండు రోజులు చేసి మానేసేవారు కూడా అల్లిక అయితే ఇష్టంగా చేస్తారు. వేళ్ళు వందలసార్లు మెల్లగా వంగి లేస్తాయి, మనసు నొప్పి మీద నుంచి మళ్ళుతుంది. అయితే అల్లికలో మణికట్టు దాదాపు ఒకే భంగిమలో ఉండిపోతుంది. కనుక వ్యాయామానికి అది తోడే తప్ప బదులు కాదు.

కట్టు ఉండగానే

దెబ్బ తగిలిన వెంటనే గాజులు, ఉంగరాలు తీసివేయాలి. వాపు ఎక్కితే కోయవలసి వస్తుంది. కట్టు వేశాక మొదటి రోజుల్లో చేతిని దిండు మీద, గుండె కంటె ఎత్తులో ఉంచండి. కట్టు బయట ఉన్న వేళ్ళను గంటకొకసారి పూర్తిగా ముడిచి, పూర్తిగా చాచండి. మోచేతిని, భుజాన్ని కూడా కదిలిస్తూ ఉండాలి.

లోపల దురద పుడితే స్వెట్టరు అల్లే సూదిని కట్టులోకి దూర్చి గోకవద్దు. చర్మం గీరుకుని, లోపల చీము పట్టినా పైకి తెలియదు.

వేళ్ళు నీలంగా గాని, పాలిపోయి గాని కనిపించినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు చాస్తే భరించలేని నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. నాటుకట్టు అయినా, పిండికట్టు అయినా బిగుతై రక్తప్రసారం ఆగితే కొన్ని గంటల్లోనే చేయి దెబ్బతింటుంది.

కట్టు విప్పిన తర్వాత

ఎముక అతికిందని డాక్టరు ఎక్సురే చూసి చెప్పిన తర్వాతనే ఇవి మొదలుపెట్టండి. ఆపరేషను చేసి ప్లేటు వేసిన వారికి కదలిక ఇంకా ముందుగానే మొదలుపెట్టిస్తారు. వారు తమ సర్జన్ చెప్పిన ప్రకారం నడుచుకోవాలి.

చేతిని పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, ఆ తర్వాత ఈ నాలుగూ పదేసి సార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు చేయండి.

1. నమస్కారం పెట్టినట్టు అరచేతులు కలిపి, మోచేతులను మెల్లగా పైకి లేపాలి. 
2. చేతుల వెనుక భాగాలను ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు కిందికి ఉంచి, మోచేతులను మెల్లగా కిందికి దించాలి. 
3. మోచేతిని నడుముకు ఆనించి, తీర్థం పుచ్చుకునేటట్టు అరచేతిని పైకి, తర్వాత కిందికి తిప్పాలి. 
4. జపం లెక్కించినట్టు బొటనవేలితో తక్కిన వేళ్ళ కొనలను వరుసగా తాకాలి.

ఏ పని ముందు, ఏది తర్వాత?

మొదటి రెండు వారాలు దూదితో వత్తులు చేయడం, పూలు కట్టడం చాలు. చిక్కుడుకాయల ఈనెలు తీయడమూ మంచిదే. పది నిమిషాలకు మించవద్దు.

ఆ తర్వాత క్రోషియా, ఊలు అల్లిక మొదలుపెట్టవచ్చు. సన్నని సూది పట్టుకోవడానికి వేళ్ళను ఎక్కువ బిగించవలసి వస్తుంది. కాబట్టి మొదట లావు సూది, లావు దారం తీసుకోండి. సూది పట్టుకునే చోట మెత్తని గుడ్డ చుట్టి లావు చేస్తే మరీ మంచిది. ముంజేతి కింద దిండు పెట్టుకోండి. గడియారం ఎదురుగా ఉంచుకుని పది నిమిషాలకు ఆపండి. "ఈ ఒక్క వరుస అయ్యాక" అనుకున్నారా, అరగంట అయిపోతుంది.

నాలుగైదు రోజులకొకసారి అయిదు నిమిషాల చొప్పున పెంచండి. పని చేశాక కొద్దిగా నొప్పి పుట్టి గంటలో తగ్గిపోతే భయం లేదు. మర్నాటి ఉదయానికి కూడా నొప్పి గాని, వాపు గాని ఎక్కువగా ఉంటే పని సగానికి తగ్గించాలి. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే తక్కినవి మరచినా ఫరవాలేదు.

ఎంబ్రాయిడరీ చేసేవారు ఫ్రేమును విరిగిన చేత్తో పట్టుకోకుండా బల్ల అంచుకు గాని, దిండుకు గాని ఆనించుకోవాలి. కాలితో తొక్కే మిషను మీద సన్నని నూలు గుడ్డలు కుట్టుకోవచ్చు గాని, విరిగిన చేత్తో చక్రం తిప్పవద్దు. దుప్పట్లు, జీన్సు వంటి మందపు బట్టలు, పెద్ద కత్తెరతో కత్తిరింపులు దెబ్బ తగిలిన నాటి నుంచి మూడు నెలలు దాటాకనే.

నీళ్ళ బకెట్టు, గ్యాసు సిలిండరు, బట్టలు పిండడం, ఆ చేతిని నేలకు ఆనించి లేవడం కూడా మూడు నెలల వరకు వద్దు. లేసు, కుట్టు మీదనే ఆదాయం ఉన్నవారు ఒప్పుకున్న పనికి గడువు ఎక్కువగా అడగండి. నెల రోజుల కూలి పోతుందని తొందరపడితే ఏడాది కూలి పోవచ్చు.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగవద్దు

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి రాత్రిళ్ళు నిద్ర చెడుతుంటే మణికట్టులోని నరం నొక్కుకుంటున్నదని అనుమానించాలి. బొటనవేలు హఠాత్తుగా పైకి లేవకపోతే దాని స్నాయువు తెగి ఉండవచ్చు. ఎముక కొద్దిగానే విరిగిన వారికి సైతం కొన్ని వారాల తర్వాత ఇలా జరుగుతుంది. చేయి మంటలు పుడుతూ, వాచి, నిగనిగలాడుతూ, రంగు మారి, ఎక్కువగా చెమట పడుతుంటే వెంటనే చూపించాలి. త్వరగా వస్తే చికిత్స సులువు.

అసలు ఎముక ఎందుకు విరిగింది?

యాభై దాటిన తర్వాత, నిలుచున్న చోట జారిపడినంత మాత్రాన ఎముక విరిగితే, ఎముకలు పలచబడ్డాయేమో పరీక్ష చేయించుకోవడం అవసరం. ఈసారి మణికట్టు విరిగింది, మరోసారి తుంటి విరగవచ్చు. బహిష్టులు ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి ప్రమాణాలలో పేర్కొన్నది. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు తినండి. కాసేపు ఎండలో నడవండి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. బాత్రూములో గోడకు పట్టుకునే కమ్మీ, నేల మీద జారని పట్టా వేయించడానికి అయ్యే ఖర్చు మరో పిండికట్టు కంటె తక్కువే.

చివరగా ఒక మాట. కట్టు విప్పాక మీరు అల్లే మొదటి వరుసలు వంకరటింకరగానే వస్తాయి. విసుగుతో విప్పేయకండి. తేదీ రాసి దాచుకోండి. మూడు నెలలకు అల్లిన దాని పక్కన పెట్టి చూసుకుంటే చేయి ఎంత కోలుకున్నదో మీకే తెలుస్తుంది. డాక్టరుకు చూపించడానికి వచ్చేటప్పుడు ఎక్సురేతో పాటు ఆ రెండు ముక్కలూ సంచిలో వేసుకు రండి.