భీమ్ ఎవరి మీద కొట్లాడిండు?



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీమ్' సినిమా మీలో ఎంతమంది చూసిన్రు? 1990లో తయారైంది, థియేటర్లకు వచ్చింది 2010లో. ఇరవై ఏండ్లు మన భీమ్ డబ్బాలనే ఉన్నడు.

మొన్న పాతబస్తీలో, శాలిబండ దగ్గర నా రూంల ఫోన్ మీద చూసిన. పక్క రూం ఆటో అన్న కూడా కూసున్నడు. సగం సినిమాల అడిగిండు: "భాయ్, ఈయన మావోళ్ల మీద కొట్లాడినోడా?"

కాదన్నా అన్న. భీమ్ కొట్లాడింది పోడు కొడితే కేసు పెట్టి, పశువులు మేపితే పన్ను గుంజిన సర్కారు మీద. మన భూములు మింగిన షావుకార్లు, పట్వారీల్లో హిందువులు లేరా? 1940లో జోడేఘాట్‌ల భీమ్‌ను చంపింది నిజాం పోలీసులు. ఆ నిజాం వంశపోళ్లు కట్టుకున్న చౌమహల్లా ప్యాలెస్ మా గల్లీకి దగ్గరే. ఆటో అన్న తాతలు కూడా ఆ గోడ బయటోళ్లే.

ఇయ్యాల భీమ్‌ను మతం గొడవల్లకు గుంజాలని చూసేటోళ్లున్నరు. అందుకే ఆ ప్రశ్నకు జవాబు మనకు తెల్వాలె.

ఈ పాత సినిమా ఆ పోరాటాన్ని నిజాం రాజ్యంలనే ఉంచింది. అది దాని గొప్పతనం. 2022ల వచ్చిన 'ఆర్ఆర్ఆర్' చూడున్రి: భీమ్ ఢిల్లీకి పోయి బ్రిటిషోళ్లతో తలపడ్తడు. చివర్ల చదువు చెప్పించమని రామ్‌ను అడుగుతడు. 'జల్ జంగల్ జమీన్' అని రాసిచ్చేది కూడా రామే. కల్పిత కథే, ఒప్పుకుంటా. కానీ పన్నెండు గూడేల మీద మా హక్కు మాకే అని నిలబడ్డ నాయకుడు, అక్కడ ఇంకొకరిని అడుక్కునే మనిషైండు.

పాత సినిమాకూ కొరత ఉంది. భీమ్ గోండోడు, సినిమా మాట్లాడేది తెలుగు. భీమ్ వేషం వేసింది భూపాల్ రెడ్డి. ఆయన నటనను తప్పు పడ్తలేను. దర్శకుడు మనోడు కాదు, హీరో మనోడు కాదు, భాష మనది కాదు. ప్రేమతో తీసినా, మన కథ ఇంకొకరి నోటితోనే వినాల్సి వచ్చింది. నా బాధ అదే.

ఈసారి ఆశ్వయుజ పున్నమికి, భీమ్ వర్ధంతి నాడు, మీ గూడెంల ఈ సినిమా వెయ్యున్రి. అయిపోయినంక లైట్లు వేసి ముసలోళ్లను గోండిల మాట్లాడమనున్రి. ఫోన్‌ల రికార్డ్ చెయ్యున్రి. మన సినిమా అక్కడ మొదలైతది.

జల్, జంగల్, జమీన్!