గ్లాసు తొణకలేదు సరే!

మా సిద్దిపేటలో ఈమధ్య జీపుల్లాంటి పెద్ద కార్ల మోజు ఎక్కువైంది. మా వీధిలో ఒకాయన కొన్నాడు. కొన్న వారానికే మా రెండిళ్ల వాళ్లనీ ఎక్కించుకుని కొమురవెల్లి మల్లన్న దర్శనానికి బయలుదేరదీశాడు. తిరుగు ప్రయాణంలో కావాలనే మట్టిబాట పట్టించి, "చూడండి వదినా, మీ చేతిలో గ్లాసు తొణకదు!" అన్నాడు.

నిజమే, తొణకలేదు. కిటికీలోంచి చూస్తే చక్రం మాత్రం గుంతలో పడుతోంది, రాయి ఎక్కుతోంది. కిటుకంతా అదేనట. పైన మనం కుదురుగా కూర్చోవాలంటే కింద చక్రం కుదురుగా ఉండకూడదు. రాయి ఎక్కినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది, గుంత వస్తే సాగి చక్రాన్ని నేలకు ఆనిస్తుంది. ఒక్క స్ప్రింగే ఉంటే బండి ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది కనక, పక్కనే నూనె నింపిన గొట్టం ఒకటి ఆ ఊపును చంపేస్తుంది. నాలుగు చక్రాలూ నాలుగు రకాల పాట్లు పడితే, మధ్యన మనకు ఒక సుఖం!

అంతలో ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. వెనక ట్రాలీ నిండా నాట్లు వేసి వస్తున్న ఆడవాళ్లు. పక్కరేకులు పట్టుకుని నిలబడ్డారు. మేం దాటిన గుంతలోనే ట్రాలీ దభీమని పడింది. అందరూ ఒక్కసారి ఎగిరిపడ్డారు. నేను "అయ్యో!" అన్నాను.

"వాళ్లకు అలవాటే లెండి వదినా" అన్నాడాయన.

అదిగో, ఆ మాట మీదే నా తగువు. అలవాటు ఎవరికండీ? రెండు చక్రాల ట్రాలీకి మామూలుగా స్ప్రింగులుండవు. ఇరుసు మీద తొట్టి, అంతే. వడ్ల బస్తాకు వెన్నెముక లేదు కనక సరిపోయింది. ట్రాక్టరు ముందు ఇరుసునయినా నడిమధ్యన ఒక మేకు మీద తూగేలా అమరుస్తారు. ఒక చక్రం గట్టెక్కినా ఇంజను అంతగా ఒరగదు. ఇనప ముక్కుకు ఉన్న ఆ మర్యాద వెనకున్న మనుషులకు లేదు! వాళ్లు నిలబడితే మోకాళ్లే స్ప్రింగులు. కూలబడితే ఆ దెబ్బ తిన్నగా నడుముకు. ఏ నడుముకు? పొద్దున్నుంచీ బురదలో వంగి ఉన్న నడుముకు.

మనకు తెలివి లేక కాదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్ 3 చంద్రుడి మీద దిగింది. అందులోంచి వచ్చిన ప్రజ్ఞాన్ బండి బరువు 26 కిలోలు. దాని ఆరు చక్రాలూ ఎగుడుదిగుళ్లలో వేటికవే లేచి దిగేలా కీళ్లు పెట్టి, పైన పెట్టె ఒరిగిపోకుండా చూశారు. మంచిదే, నేనూ చప్పట్లు కొట్టాను. చంద్రుడి గుంతలకు పడ్డ ఆరాటంలో వీసమెత్తు మన ఊరి బాట గుంతలకు పడకూడదా?

"అయితే ట్రాలీకీ స్ప్రింగులు వేయిస్తే సరి" అంటారేమో. సరికాదు. అది సరుకు బండి. 2018 జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. అందులో ఆడవాళ్లే ఎక్కువ. మనుషులకు కావలసింది మనుషుల బండి. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు తీసేశారు, సంతోషం. నాట్ల రోజుల్లో, కలుపుల రోజుల్లో తెల్లవారుజామున పొలాల దారిన రెండు బస్సులు తిప్పమని అడుగుదాం. కూలికి పిలిచే రైతు, కూలితోపాటు ఆటో ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలందాం.

అడగాల్సింది మనమే. ఎందుకంటే తప్పులో మనకూ వాటా ఉంది. గ్లాసు తొణకని కారు ఇంటి ముందుకు రాగానే రోడ్డు సంగతి అడగడం మానేశాం. గుంత అలాగే ఉంది, మనకు తెలియడం మానేసిందంతే. ఇంట్లో "సర్దుకుపో" అంటే మనకు ఒళ్లు మండుతుంది కదా! అదే మాటకు "అలవాటే లెండి" అని పేరు మార్చి ట్రాలీలో ఆడవాళ్ల మీదికి తోసేస్తే, వింటూ ఊరుకుందామా?

ఆ రోజు ఆయనకు జవాబు చెప్పలేకపోయాను. ప్రసాదం చేతిలో ఉంది, కారు ఆయనది. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.